చెంబు మీద రెండు పేర్లు

నేను ఒక మరచెంబును. ఇత్తడిదాన్ని. ఇప్పుడు బెజవాడ స్టేషన్లో విచారణ గది బల్ల మీద, మైకు పక్కన కూర్చుని ఉన్నాను. నాకు భయంగా ఉంది.

ఇత్తడికి భయమేమిటని నవ్వకండి. నా ఒంటి మీద రెండు పేర్లున్నాయి. కాసేపట్లో ఈ గదిలో పనిచేసే నీలవేణి అనే ఆవిడ ఆ రెండిట్లో ఒకదాన్ని మైకులో పిలవబోతోంది. ఆ ఇద్దరూ ఈ లోకంలో లేరు. నన్ను పోగొట్టుకున్న మనిషి మాత్రం బతికే ఉంది. ఈ స్టేషన్లోనే ఏదో ప్లాట్‌ఫారం మీద తెనాలి బండి కోసం కూర్చుని ఉంది. ఆమె పేరు నాంచారమ్మ. ఆ పేరే నా మీద లేదు. బండి వచ్చిందంటే ఎక్కి వెళ్లిపోతుంది. చచ్చిపోయినవాళ్లను పిలిస్తే వచ్చేదెవరు?

మీరు అనుకోవచ్చు, పాత చెంబు పోతే పోయింది, అంత గోలేమిటని. మొదటినుంచీ చెబుతాను, వినండి. నాకిక్కడ ఎదురుచూడ్డం తప్ప వేరే పనేమీ లేదు.

నన్ను అజ్జరంలో చేశారు. చెంబు చెయ్యడం కంచరివాళ్లకు ఓ లెక్క కాదు. మెడకు మర తియ్యడమే కష్టం. మూత తిప్పితే బిగుసుకోవాలి, తలకిందులు చేసినా చుక్క కారకూడదు, మళ్లీ ఆడమనిషి చేతికి తేలిగ్గా రావాలి. నన్ను చేసిన పేరాచారి ఆ మర కుదరక విసుక్కుని, ముందు చేసినదాన్ని కరగబెట్టి, నన్ను చేశాడు. అంటే నేను పుట్టడానికి ముందే ఒకసారి చచ్చానన్నమాట. బహుశా ఆ భయం అప్పటినుంచీ లోపలే ఉండిపోయి ఉంటుంది.

నీళ్లు ఒలికిపోకుండా మనుషులు మర కనిపెట్టారు. మనుషులు జారిపోకుండా మాత్రం ఇంతవరకు ఏ మరా కనిపెట్టలేకపోయారు. రైళ్లలో తిరిగాక నాకు తెలిసిన సంగతి ఇదొక్కటే.

చినరావిపాడు రైతు మువ్వా కోటివీరయ్య కూతురి పెళ్లికని నన్ను కొన్నాడు. అల్లుడు బసవపున్నయ్యకు బల్లార్షాలో కాగితాల మిల్లులో పని. తెనాలి అవతల ఊరు చూడని పిల్ల అంతదూరం రైల్లో పోవాలంటే, దారిలో దాహానికి మరచెంబు లేకపోతే ఎట్లా అన్నాడు. తెనాలి బజార్లో గిన్నెల మీద పేర్లు కొట్టే మనిషి దగ్గర నన్ను పెట్టి, "పేరు కొట్టవయ్యా" అన్నాడు. ఎవరి పేరని ఆ మనిషి అడగలేదు. పెళ్లి సామాను మీద పెట్టినవాళ్ల పేరే కొడతారు, అది ఆనవాయితీ. చిన్న ఉలితో చుక్కచుక్కగా నా పొట్ట మీద కోటివీరయ్య పేరూ, దానికింద ఊరి పేరూ కొట్టాడు.

"పేరు కొట్టించానమ్మా. ఎక్కడ పోయినా దొరుకుద్ది" అన్నాడు తండ్రి నన్ను కూతురి చేతికిస్తూ.

నాంచారమ్మకు అప్పుడు అక్షరం ముక్క రాదు. అత్తారింటికి పట్టుకుపోయే చెంబు మీద మొగుడి పేరు కాక ఇంకెవరి పేరుంటుందని తనలో తను అనుకుంది. ఎవరినీ అడగలేదు. మనుషులు తెలియనివాటిని అడుగుతారు గాని, తెలుసనుకున్నవాటిని అడగరు.

ఆ రోజు తెనాలి స్టేషన్లో కోటివీరయ్య ఇంటి బావి నీళ్లు నా నిండా పోసి తెచ్చాడు. బండి కదిలాక కిటికీ పట్టుకుని కొంతదూరం నడిచి, తర్వాత కొంతదూరం పరుగెత్తి, ఆగిపోయాడు. నాంచారమ్మ ఆ నీళ్లు తాగలేదు. నాలుక పిడచగట్టుకుపోతున్నా తాగలేదు. తాగితే ఊరు అయిపోతుందని ఆమె బెంగ. బల్లార్షా చేరి, వాకిట్లో ఒక తులసి మొక్క నాటి, ఆ నీళ్లు దానికి పోసింది.

తర్వాత ఎన్నో ప్రయాణాలు చేశాను. ప్రతి స్టేషన్లోనూ ఒకటే భయం. బసవపున్నయ్య నన్ను పట్టుకుని కుళాయి దగ్గరికి పరుగెత్తుతాడు. కుళాయి దగ్గర గుంపు. ఇంజను కూత వేస్తుంది. నాలో నీళ్లు సగం కూడా నిండవు. కిటికీలోంచి నాంచారమ్మ, "రండి, రండి" అని అరుస్తూనే ఉంటుంది. ఒకసారి డోర్నకల్లో బండి కదలబోతుంటే వెనకపెట్టె గార్డు ఊపబోయిన పచ్చజెండాను సర్రున దించేసి, "ఎక్కవయ్యా, నీ చెంబు కోసం బండి ఆపా!" అని తిట్టాడు. ఆ తిట్టు నాకు ఇప్పటికీ దీవెనలాగే వినిపిస్తుంది. ఎండాకాలం బకెట్టు మోసుకుంటూ కిటికీ కిటికీకి వచ్చి నీళ్లు పోసే మనిషి ఒకడుండేవాడు. నాంచారమ్మ మూత తియ్యలేక తంటాలు పడుతుంటే, "నిదానంగా తియ్యమ్మా, నువ్వు తీసిందాకా నేనెక్కడికీ పోను" అనేవాడు. పోను అన్న మాట ఆమెకు ఎంత ధైర్యమో వాడికి తెలియదు. వంటపెట్టెలో పనిచేసే మలయాళీ ఆయన చంటిపిల్ల పాలు వేడిచేసి, పొంగిన గిన్నెను తువ్వాలుతో పట్టుకుని ఊగే బండిలో పెట్టెలు దాటుకుంటూ వచ్చేవాడు. వాళ్ల పేర్లు నాకు తెలియవు. ఒకళ్లనైనా రెండోసారి చూసినట్టు గుర్తు లేదు. రైల్లో మంచితనానికి పేరుండదు, ముఖం మాత్రమే ఉంటుంది. అది కూడా వెనక్కి పోతూ కనిపిస్తుంది.

ఇక కాజీపేట సంగతి చెప్పాలి. అది తలుచుకుంటే నా మర ఇప్పటికీ వదులవుతుంది.

కోటివీరయ్య పోయి ఏడాది కావొస్తోంది. పోయినప్పుడు నాంచారమ్మ అందలేకపోయింది. దింపుడుకళ్లం దాటాక చేరింది. సంవత్సరీకానికైనా వేళకు వెళ్లాలని మొగుడూ పెళ్లాలు పసిపిల్లను తీసుకుని బల్లార్షాలో బండెక్కారు. బండి కిటకిటలాడుతోంది. బసవపున్నయ్య హడావిడిగా భార్యనూ, పిల్లనూ, నన్నూ వెనకవైపు ఆడవాళ్ల పెట్టెలోకి నెట్టాడు.

"నేను ముందు పెట్టెలో ఉంటా. నేనొచ్చి దింపేదాకా దిగమాక. దేవుడొచ్చి పిలిచినా దిగమాక, తెలిసిందా?" అన్నాడు.

ఆ బండి కాజీపేటలో రెండుగా విడిపోతుందని ఆయనకు తెలియదు. ముందు పెట్టెలు బెజవాడ వైపు పోతాయి, వెనకవి హైదరాబాదు వైపు. పెట్టె మీద పలక ఉంది. హడావిడిలో పలక చదివేదెవరు?

కాజీపేటలో బండి చాలాసేపు ఆగింది. మిట్టమధ్యాహ్నం, ఎండ పేలిపోతోంది. పిల్ల నిద్రపోతోంది. నేను నాంచారమ్మ ఒళ్లో ఉన్నాను. ఎక్కడో గొలుసుల చప్పుడు, ఒక కుదుపు. తర్వాత కూత. నాంచారమ్మ కిటికీలోంచి ముందుకు వంగి చూసింది. బండి వెళ్లిపోతోంది. మేమున్న పెట్టె కదలడం లేదు.

ఇంతకన్నా భయంకరమైనది నేనెన్నడూ చూడలేదు. బండి మనల్ని తీసుకుపోతే ఒక భయం. మనల్ని వదిలేసి మన బండే పోవడం వేరే భయం. ముందు పెట్టె కిటికీలోంచి బసవపున్నయ్య మోచెయ్యి బయటికి కనిపిస్తోంది. గాలికి పెట్టుకున్న చెయ్యి. నిశ్చింతగా ఉన్న చెయ్యి. అది చిన్నదవుతూ, వంపు తిరిగి, మాయమైంది.

నాంచారమ్మ వేళ్లు నా చుట్టూ ఎంత గట్టిగా బిగుసుకున్నాయంటే, గోళ్లు నా ఒంటి మీద కిర్రుమన్నాయి.

కిటికీ పక్కన జామకాయలమ్మే ముసలామె, ఎల్లవ్వ, గంప దించుకుంటూ చూసింది. "ఏందమ్మా, దయ్యాన్ని జూసినట్టు గట్ల జూస్తున్నవ్?" అంది. వెంటనే ప్లాట్‌ఫారం మీద పోతున్న టికెట్ కలెక్టర్‌ను కేకేసింది. "ఓ రాజలింగం సారూ! గీ పిల్లకేమో అయింది, జర రా."

రాజలింగం వచ్చాడు. నల్లకోటు చెమటకు తడిసి ఉంది. "ఎటు పోవాలమ్మా?"

"తెనాలి."

"తెనాలా! గీ డబ్బలు హైదరాబాద్ పోతయి గదా. తెనాలి బండి గదే, గిప్పుడే పాయె."

"ఆయనొచ్చి దింపేదాకా దిగొద్దన్నారు."

"ఆయనేడి మరి?"

ఆమె పట్టాల వైపు చెయ్యి చూపించింది. అక్కడ పొగ తప్ప ఏమీ లేదు.

"టికెట్?"

"ఆయన జేబులో."

"మంచిగనే ఉన్నది" అన్నాడు రాజలింగం. గదమాయించలేదు. తలమీది టోపీ తీసి విసురుకున్నాడు. "వరంగల్‌ల బండి ఆగుతది, ఫోన్ జేసి దింపిస్త. ఆయన పేరు చెప్పు."

నాంచారమ్మ తల వంచుకుంది.

"పేరు చెప్పరాదు పిల్లా!" అంది ఎల్లవ్వ. "చెప్తె నాలుక ఊడి పడ్తదా? మొగుడు గావాల్నా వద్దా నీకు?"

"నువ్వూకో ఎల్లవ్వా. మా ఇంటామె గూడ గంతే. ఎవరన్న నా పేరడిగితే పక్కింటామెను పిలుచుకొస్తది" అన్నాడు రాజలింగం.

అప్పుడు నాంచారమ్మ నన్ను పైకెత్తింది. "దీని మీదుంది" అంది. మొట్టమొదటిసారి ఆమె గొంతులో ధైర్యం వినిపించింది. రాజలింగం నన్ను ఎండకు తిప్పి, పెదాలు కదుపుతూ లోలోపలే చదువుకున్నాడు. "దొరికిండు. ఇప్పుడే తెస్తనమ్మా నీ చెంబు" అంటూ నన్ను చంకలో పెట్టుకుని స్టేషన్ మాస్టరు గదికి పరుగు తీశాడు.

నాకు తెలుసు. నా ఒంటి మీది పేరు నాకు తెలియదా? అది మొగుడి పేరు కాదయ్యా, ఏడాది కిందట పోయిన తండ్రి పేరు. చెబుదామంటే నాకున్న నోరు నీళ్లు పొయ్యడానికే గాని మాట్లాడ్డానికి కాదు. రాజలింగం ఫోన్లో అరుస్తున్నాడు: "మువ్వా కోటివీరయ్య... ఆఁ, కోటివీరయ్య. ఊరు చినరావిపాడు. తెనాలి పోయేటాయన. భార్యా బిడ్డా ఈడ క్షేమంగ ఉన్నరని చెప్పుండ్రి, దించుండ్రి." ఒక్కొక్క అక్షరమూ స్పష్టంగా, శ్రద్ధగా, తప్పుగా చెప్పాడు. ఆ బండిలో కోటివీరయ్య లేడు. పిలుపు గాలిలో కలిసిపోతుంది. బసవపున్నయ్య బెజవాడ దాకా పోతాడు. ఈలోగా ఈ పెట్టెకు ఇంజను తగిలించి హైదరాబాదు లాక్కుపోతారు. నేనేమో స్టేషన్ మాస్టరు బల్ల మీద. ముగ్గురం మూడు దారులు.

మేం తిరిగి వచ్చేసరికి ఇంజను నిజంగానే వెనక్కి వచ్చి పెట్టెలకు తగులుకుంటోంది. "దిగమ్మా" అన్నాడు రాజలింగం. "ఆయన దింపితేనే దిగుతా" అంది నాంచారమ్మ. ఆయన బతిమాలాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు చెప్పారు. ఆమె కిటికీ ఊచ వదల్లేదు.

"మీకు దెల్వదు గని, ఆగుండ్రి" అని ఎల్లవ్వ పెట్టె ఎక్కి, నిద్రపోతున్న పిల్లను భుజాన వేసుకుని చక్కా దిగి నడిచిపోయింది. నాంచారమ్మ కెవ్వున కేకేసి వెనకాలే దూకింది. "దూడను దోల్కపోతె ఆవు రాదా?" అంది ఎల్లవ్వ, వెనక్కి తిరక్కుండానే.

పెట్టె వెళ్లిపోయింది. మేం ఆడవాళ్ల వెయిటింగ్ రూములో కూర్చున్నాం. రాజలింగం పిల్లకు పాలు తెప్పించాడు. తన పని మధ్యలో మాటిమాటికీ గుమ్మంలో తల పెట్టి, "వస్తడమ్మా, వస్తడు" అని చెప్పిపోయాడు. ఎల్లవ్వ జామకాయ కోసి ఉప్పద్ది చేతిలో పెడితే, నాంచారమ్మ అది తినకుండా పట్టుకునే ఉంది. వచ్చిన ప్రతి బండికీ లేచి నిలబడింది. ప్రతి బండీ ఆయన్ను దించకుండానే పోయింది. ఆమె నమ్మకమంతా నా ఒంటి మీది పేరు మీదే ఉంది. అది అబద్ధపు నమ్మకమని తెలిసిన ప్రాణిని అక్కడ నేనొక్కదాన్నే. అంత ఎండలోనూ నేను చల్లబడిపోయాను.

పొద్దు వాలుతుండగా గుమ్మంలో బసవపున్నయ్య నిలబడ్డాడు. ముఖం పాలిపోయి ఉంది. భార్యను చూసి, పిల్లను చూసి, అన్న మొదటి మాట ఇదీ:

"మీ నాన్న పిలిచాడే నన్ను."

వరంగల్లులో ఆయన కిటికీ పక్కన కూర్చుని సోడా తాగుతున్నాడట. మైకులో చినరావిపాడు కోటివీరయ్య గారూ అని వినిపించిందట. "ఎవరి సంవత్సరీకానికి పోతున్నామో ఆయన పేరే! ఒళ్లు ఝల్లుమంది. మామయ్య మధ్యలోనే ఎదురొచ్చాడా ఏందిరా అనుకుని, అదేందో కనుక్కుందామని దిగా. వెనకమాల బండి పోతున్నా తిరిగి చూళ్లా" అన్నాడు.

నాంచారమ్మ నన్ను రాజలింగం ముందు పెట్టింది. "బాబూ, ఇదేంటో పైకి చదువు" అంది. ఆయన చదివాడు. తండ్రి పోయినప్పుడు ఊరంతటి ముందూ రాని ఏడుపు, ఆ పరాయి స్టేషన్లో, పరాయి మనిషి నోట ఆ పేరు విన్నాక వచ్చింది. ఎక్కడ పోయినా దొరుకుద్ది అన్నాడు కదా కోటివీరయ్య. అన్నమాట నిలబెట్టుకున్నాడు.

రాజలింగం మమ్మల్ని సాయంత్రం బండికి తీసుకెళ్లి, పెట్టె మీది పలక తనే గట్టిగా చదివి, "ఇద్దరు ఒక్క డబ్బల్నే కూసోండ్రి. ఈసారి దేవుడొచ్చి విడిగ కూసోమన్నా కూసోకుండ్రి" అన్నాడు. బండి కదిలాక చెయ్యి ఊపాడు. ఆయన్నూ మళ్లీ చూడలేదు.

తెనాలిలో దిగీ దిగగానే బసవపున్నయ్య పేర్లు కొట్టే మనిషిని వెతికి పట్టుకుని, మామగారి పేరు పైన తన పేరు కొట్టించాడు. "ఇక నన్నే పిలుస్తారు, దయ్యాలెందుకు మధ్యలో" అని నవ్వాడు. నాంచారమ్మ నవ్వలేదు. ఆ రోజునుంచి నన్ను తోముతున్నప్పుడల్లా చింతపండు చేత్తో ఆ చుక్కల మీద వేలు పెట్టి నడిపేది. ఏ చుక్కల గుంపు ఏ శబ్దమో పొరుగావిణ్ణి ఒక్కొక్కటే అడిగి తెలుసుకుంది. కోటివీరయ్యలోని 'క'తో మొదలుపెట్టి, స్టేషన్ల పలకలు, పొట్లాల కాగితాలు, చివరికి లావుపాటి పుస్తకాలు చదివే దాకా వచ్చింది. ఎక్కడికి ప్రయాణమైనా పెట్టె మీది పలక ముమ్మారు చదివితే గాని ఎక్కేది కాదు. మొగుడి పేరును కూడా వేలుతో చదివేది. పెదాలు మాత్రం కదిలేవి కావు.

బసవపున్నయ్య నాలుగేళ్ల కిందట పోయాడు. ఈసారి ఏ మైకూ ఏమీ చేయలేకపోయింది.

ఇవాళ ఆమె నాగపూర్‌లో ఉన్న కూతురి దగ్గర్నుంచి ఒంటరిగా వస్తోంది. ఇప్పటి రైళ్లలో నీళ్లు సీసాల్లో వస్తున్నాయి. నాతో పని లేదు. అయినా నన్ను ఒళ్లో పెట్టుకోనిదే ఆమెకు రైల్లో ఊపిరాడదు. తెల్లవారుజామున కునుకు పట్టి నన్ను వదిలింది. నేను దొర్లి సీటు కిందికి, మడతపెట్టిన దుప్పట్ల వెనక్కి పోయాను. బెజవాడ రాగానే దుప్పట్లిచ్చే ఆయన ఎంతో మర్యాదగా, "మెల్లగా మామ్మా, సంచి నేను తెస్తా, మీరు కడ్డీ పట్టుకోండి" అని దించాడు. ఆ మర్యాదకు కళ్లు చెమర్చి, ఆయన్ను దీవించే హడావిడిలో ఆమె నన్ను మరిచిపోయింది. సాయం కూడా ఒక్కోసారి మనుషుల్ని విడదీస్తుంది. పాపం, నన్ను చూడగానే ఆయన పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే ఆమె జనంలో కలిసిపోయింది. బండి కదిలేలోగా నన్ను ఈ గదిలో ఇచ్చి పోయాడు.

ఇదిగో, నీలవేణి నన్ను తిప్పి చదివింది. మీట నొక్కింది.

"ప్రయాణికులకు గమనిక. పోపూరి బసవపున్నయ్య గారు ఎక్కడున్నా వెంటనే విచారణ గదికి రావలెను. మీ ఇత్తడి మరచెంబు దొరికినది."

స్టేషనంతా ఆ పేరు మోగింది. ఎవరూ రాలేదు. తెనాలి బండి బయలుదేరడానికి సిద్ధంగా ఉందని పక్క మైకులో వేరే గొంతు చెబుతోంది. నీలవేణి గడియారం చూసి మళ్లీ పిలిచింది. గుమ్మంలోంచి ఎవరెవరో వచ్చారు, బండి వేళలు అడిగారు, పోయారు. ఒకాయన నన్ను గోటితో మోగించి, "పాతకాలపు సరుకు, అమ్ముతారా?" అన్నాడు. నాకు పేరాచారి కొలిమి గుర్తొచ్చింది. బయట ఏదో బండి కూత వేసింది. అది తెనాలిదేనా?

అప్పుడు గుమ్మం పట్టుకుని నాంచారమ్మ నిలబడింది. ఆయాసపడుతోంది. కళ్లు నన్ను కాదు, గది నాలుగు మూలలా ఇంకెవరినో వెతుకుతున్నాయి. తర్వాతే నన్ను చూసింది.

"బసవపున్నయ్య గారు రాలేదా మామ్మగారూ?" అడిగింది నీలవేణి.

"ఆయన రారమ్మా."

"మీరేమవుతారు?"

నాంచారమ్మ నా మీద వేలు పెట్టింది. "ఈ కింది పేరు మా నాన్నది. పైది..." వేలు పైకి జరిగింది. అక్కడ ఆగింది. పెదాలు కదల్లేదు.

నీలవేణి నన్ను రెండు చేతులా ఎత్తి ఆమె చేతుల్లో పెట్టింది. "మీ బండి పోయినట్టుంది మామ్మగారూ. ఇంకో గంటలో ఇంకోటుంది. నేనే మనిషిని తోడిచ్చి ఎక్కిస్తా, కూర్చోండి."

నాంచారమ్మ కూర్చుంది. చాలాసేపు నన్ను నిమిరింది. తర్వాత ఎవరైనా వింటారేమో అన్నంత మెల్లగా అంది: "అమ్మా, ఇంకొక్కసారి పిలుస్తావా?"

"చెంబు దొరికింది కదండీ?"

"దొరికింది. ఆయన పోయినాక ఆ పేరు పెట్టి ఎవరూ పిలవలా. నేనెటూ పిలవలేను."

నీలవేణి ఆమెను చూసింది. మైకును చూసింది. గొంతు సవరించుకుని, కుర్చీ ముందుకు జరుపుకుంది.

"మూడుసార్లు పిలవాలని మా రూలు మామ్మగారూ. రెండే అయ్యాయి."

మీట నొక్కింది. ఆ పేరు మళ్లీ ఒకటో నంబరు నుంచి చివరి ప్లాట్‌ఫారం దాకా, వంతెన మీదుగా, ఆగి ఉన్న బండ్ల కిటికీలన్నిటి మీదుగా పోయింది. ఎవరూ రాలేదు. ఎవరూ రారని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆ మోత పూర్తిగా సద్దుమణిగేదాకా ఇద్దరం గుమ్మం వైపే చూశాం.

తర్వాత ఆమె నా మూత బిగించింది. లోపల చుక్క నీళ్లు లేవు. ఎప్పుడూ లేనంత గట్టిగా బిగించింది.